నీరటి తాగిన చెంబు

చేతిలోని గ్లాసు కింద పెట్టండి. అందులోవి ఎక్కడి నీళ్లో ఒక్కనాడైనా అడిగారా? అడగరు. ముందు ఎవరో తాగారు కాబట్టి మీరూ తాగుతారు. ఏ తాతల కాలంలోనో చలమపురంలోనూ మీలాంటివాళ్లే ఉండేవారు. వారి గతి వినండి.

ఆ ఊళ్లో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. తియ్యటి నీళ్ల బావి ఒక్కటే. దానికి కావలి, ఊరి నీళ్లు చూసుకునే నీరటి బుచ్చన్న. తెల్లవారగానే అతడు తొలి చేద తోడి, కంచు చెంబుతో అందరి ఎదుటా తాగి, "తాగండి!" అనాలి. ఆ తరువాతే ఊరు చేద వేయాలి. అది ఆ ఊరి కట్టు.

బావి వెనుక అతని చెల్లెలి మొగుడు గవరయ్య అద్దకపుశాల పెట్టాడు. రంగుల మురుగంతా గుంటలో ఇంకసాగింది.

ఒకనాడు బావిలోని కప్ప పిలిచింది. "బుచ్చన్నా, చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. చూడు."

బుచ్చన్న నీళ్లు నోట పోసుకుని ఉమ్మేశాడు. చేదు. తిన్నగా గవరయ్య దగ్గరికి పోయాడు.

"ఒక్క వాన పడితే అంతా కొట్టుకుపోతుంది బావా," అన్నాడు గవరయ్య. "శాల మూయించావో, నీ చెల్లెలు వచ్చి నీ గుమ్మంలోనే కూర్చుంటుంది. పోషిస్తావా?"

బుచ్చన్న ఇంటికి తిరిగొచ్చాడు. మర్నాటి నుంచి అలాంటిదే మరో కంచు చెంబు పైపంచె చాటున తెచ్చేవాడు. అందులో ఇంటి గోలెంలోని వాననీళ్లు. చెంబు మార్చి, గటగటా తాగి, "తాగండి!" అనేవాడు.

కప్ప మళ్లీ పిలిచింది. "నా పిల్లలకు కాళ్లు రావడం లేదు. తోకలతోనే చస్తున్నాయి."

"ఊరంతా తాగుతోంది, నీకే వచ్చిందా రోగం!" అని కసిరాడు.

మూడోసారి కప్ప గట్టెక్కింది. "నాకు కాళ్లున్నాయి, పోతున్నాను. నీకు నోరుంది, చెప్పు," అని వెళ్లిపోయింది.

ఊళ్లో కడుపునొప్పులు మొదలయ్యాయి. జనం ఎండను తిట్టారు, మామిడికాయలను తిట్టారు. నీళ్లను ఒక్కరూ అనలేదు. నీరటి తాగాడుగా!

బుచ్చన్నకు తల్లి లేని మనవరాలు ఉంది. పేరు ముత్యాలు. "ఇంట్లో నీళ్లే తాగాలి తల్లీ," అని రోజూ చెప్పేవాడు.

"నువ్వు మాత్రం బావి నీళ్లు తాగొచ్చేం?" అని అది మూతి ముడిచేది.

ఒకరోజు ముత్యాలు మంచం పట్టింది. వాకిలి నిండా జనం. వైద్యుడు నాడి పట్టి అడిగాడు. "ఏ నీళ్లు తాగావమ్మా?"

"తాత చేదలోవే. తాత వెనకాల నిలబడి రోజూ తాగుతా."



"మంచినీళ్లే కదా," అన్నాడు వైద్యుడు. "కషాయం ఇక్కడే కాస్తాను. ఆ నీళ్లే తెండి."

వైద్యుడు మొదటి గిన్నె పిల్లకు పట్టాడు. బుచ్చన్న చెప్పబోయి నోరు తెరిచాడు, జనాన్ని చూసి మూశాడు. రెండో గిన్నె పట్టాడు. మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు. మూడో గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టి, "వద్దయ్యా! ఆ నీళ్లు విషం!" అని అరిచాడు.

అప్పటికే ముత్యాలు కళ్లు తేలేసింది.

బుచ్చన్న శాల మురుగు సంగతీ, రెండో చెంబు సంగతీ చెప్పేశాడు. ఆ పూటే ఊరు బావి మూసింది, శాల కూల్చింది. బుచ్చన్నను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కొట్టడానికి ఏం మిగిలింది కనుక!

ఊరికి చెప్పే అబద్ధాన్ని అందరికన్నా ముందు నమ్మేది మన ఇంటివాళ్లే. ఆ నమ్మకానికి వెలగా బుచ్చన్న మనవరాలిని ఇచ్చుకున్నాడు.