కళ్ళు తినే దయ్యం, మంగతాయి పొయ్యి

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రేవూరు. దాని పేరు గవ్వలరేవు. బర్మాలోని రంగం ఓడలు, అరబ్బు ఓడలు, ఎక్కడెక్కడివో ఓడలు వచ్చి అక్కడ ఆగేవి. అలా వచ్చి అక్కడే కాపురాలు పెట్టుకున్నవాళ్ళది ఒక సందు. ఓడవాళ్ళ సందనేవారు దాన్ని. కాళ్ళు దుప్పట్లో పెట్టుకోండర్రా, ఇది కాస్త భయం కథ.

ఆ ఊళ్ళో మంగతాయని ఒక కోడలుపిల్ల. మొగుడు ఓడలు కట్టే వడ్రంగి. వాళ్ళకి ఐదేళ్ళ కూతురు, సీతాలు. ఒకనాడు పొద్దు వాలుతుంటే సీతాలు అరుగు దిగబోయి, మెట్టు ఉన్నచోట లేదనుకుని, లేనిచోట ఉందనుకుని, బోర్లా పడింది. మంగతాయి పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంది. ఆ పిల్ల తల్లి మొహం చేత్తో తడిమి చూసి, "అమ్మా, అప్పుడే చీకటి పడిపోయిందేంటి?" అంది.

ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది.

మంగతాయి పిల్లని గబగబా లోపలికి తీసుకుపోయింది. అప్పటికే ఊళ్ళో ముప్ఫై మంది పిల్లలకి అలాగే అయింది మరి. పగలంతా బాగానే ఉంటారు. పొద్దు గూకిందంటే గోడలు తడుముకుంటారు. కళ్ళు తినే దయ్యం ఒకటి ఊళ్ళో తిరుగుతోందని చెప్పుకున్నారు. రోజూ సాయంత్రం కాస్త, సాయంత్రం కాస్త తింటుందిట. ముందు సందె చూపు తింటుందిట, తరవాత పగటి చూపు తింటుందిట, చూపంతా అయిపోయాక పిల్లనే తింటుందిట. ఎండ ఉండగానే తలుపులు బిగించేసేవారు. వీధిలో ఆడే పిల్ల లేదు, రమ్మని పిలిచే తల్లి లేదు. ఊ కొడుతున్నారా? గట్టిగా కొట్టండి, చెబుతుంటే నాకే ఒళ్ళు జలదరిస్తోంది.

ఆ ఊరి రాజు కంపరాజు. ఆయనకి ఒక్కతే కూతురు, కుందన. తల్లి లేని పిల్ల. ఆ పిల్లకీ అదే పట్టుకుంది. రాజు భైరవయ్యని పిలిపించాడు. దయ్యాల్ని విడిపిస్తాడని పేరున్న మంత్రగాడు. ఆయన ఊరంతా తిరిగి చూసి, దయ్యం ఓడెక్కి వచ్చిందన్నాడు. ఓడవాళ్ళ పిల్లలు సందెవేళ కూడా చెంగుచెంగున ఎగురుతున్నారు కదా, తనవాళ్ళు కాబట్టే వాళ్ళని అది ముట్టుకోవడం లేదన్నాడు. సందు తగలబెట్టి, ఆ మనుషుల్ని చుక్కాని లేని పడవలో సముద్రం మీదికి తోసేస్తే గానీ అది పోదన్నాడు. రాజు చెడ్డవాడు కాదర్రా. భయపడ్డాడు. భయపడి, సరేనన్నాడు.

సందు తగలబెడతారని వేసిన దండోరా మంగతాయి చెవిన పడింది. ఆ సందులో రంగం నుంచి వచ్చిన మాషిన్ అనే ఆవిడ ఉంది, అరబ్బు దేశం నుంచి వచ్చిన జమీలా ఉంది. సీతాలు పుట్టినప్పుడు పథ్యం వండి పెట్టింది వాళ్ళే. ఆ దయ్యం వీళ్ళ పిల్లల్ని ఎందుకు ముట్టుకోలేదో చూద్దామని ఆ సందులోకి వెళ్ళింది. మాషిన్ పిల్లలు గుమ్మడిముక్కలూ ఆకుకూరా చేపా వేసుకుని తింటున్నారు. జమీలా పిల్లలు ఉడికించిన శనగలు నువ్వులతో నూరి, రొట్టెకి రాసుకుని, పచ్చటి ఆకులు నంజుకుని తింటున్నారు. మంగతాయి అక్కడే నిలబడిపోయింది. మరి మన పిల్లలో? ఆ ఏడు చెరకు విరగపండింది. పొద్దున్న పాకం ఉండలు, మధ్యాహ్నం కాజాలు, సాయంత్రం జీళ్ళు. ఆకు కనపడితే ఏడుపు, కూరగాయ కనపడితే పరారు. పోనీలే పాపమని తల్లులూ ఊరుకున్నారు. మంగతాయీ ఊరుకుంది.

ఆవిడ రాజు దగ్గరికి వెళ్ళింది. ఇది దయ్యం కాదేమో, తిండేమోనని చెప్పింది. పిల్లల్ని పగలు తనకి అప్పగిస్తే, ఓడవాళ్ళ పొయ్యిల దగ్గర ఆ పిల్లల చేతే వండించి తినిపిస్తానంది. చూపు రాకపోతే ఏం చెయ్యమన్నావని రాజు అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోపు భైరవయ్యే చెప్పాడు, ఆ పడవలోనే ఈవిడా, ఈవిడ కూతురూ అని. పున్నమి దాకా రాజు గడువిచ్చాడు. ఇరవై రోజులు.

మర్నాటి నుంచి సందులో పిల్లలే పిల్లలు. మంగతాయి వాళ్ళకి ఒక పాట కట్టింది. కోసిన చేతికి కడగాలనుంటుంది, కడిగిన చేతికి తరగాలనుంటుంది, తరిగిన చేతికి వండాలనుంటుంది, వండిన చేతికి తినాలనుంటుంది. అనండి మీరూ. కోసిన చేతికి? ఊ. కడిగిన చేతికి? ఊ.

మాషిన్ పొడుగు పోగుల్లాంటి సేమ్యా కొబ్బరిపాలలో ఉడికించడం నేర్పింది. వాళ్ళ దేశంలో మొదటి ముద్ద ఇంట్లో పెద్దవాళ్ళకి పెట్టాకే మిగతావాళ్ళు తింటారని చెప్పింది. జమీలా ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ అందర్నీ కూచోబెట్టింది. ఎవరి ముందున్నది వాళ్ళే తినాలి, పక్కవాడి ముందుకి చెయ్యి పోకూడదు, అదీ వాళ్ళ మర్యాద. మంగతాయి మునగాకు కూరా పొన్నగంటి పప్పూ నేర్పింది. పిల్లలు వండారు, మూతులు ముడిచారు, నాకారు, మెల్లిగా తిన్నారు.

కుందన మాత్రం తినలేదు. బంగారు పళ్ళెంలో ఒంటరిగా తినే అలవాటు ఆ పిల్లది. ఏడు రోజులు మొహం తిప్పుకుని కూచుంది. ఎనిమిదో రోజు జమీలా ఏమీ అనకుండా ఆ పిల్ల చేతిలో పిండిముద్ద పెట్టింది. కుందన ఒత్తింది. గుండ్రంగా రాలేదు, తాబేలులాగా వచ్చింది. అయినా కాల్చారు. ఎవరో పిల్లాడు దాని మీద చెయ్యి వెయ్యబోతే, కుందన లాక్కుని, నేను చేసింది, నేనే తింటానంది. ఆకులూ గుమ్మడిగుజ్జూ కూరి మొత్తం తినేసింది.

రోజూ సందెవేళ మంగతాయి సీతాలుకి వేళ్ళు చూపించి ఎన్నని అడిగేది. రెండు చూపిస్తే ఐదనేది. ఐదు చూపిస్తే ఏవమ్మా వేళ్ళు అనేది. పది రోజులైంది. పన్నెండు రోజులైంది. ఇసకలో భైరవయ్య పడవకి తారు పూయిస్తున్నాడు. ఆ వాసన పొయ్యి దగ్గరికి వచ్చేది. తను తప్పేమో, పిల్లతో సహా మునిగిపోతామేమో అని మంగతాయికి ముద్ద దిగేది కాదు. పదమూడో రోజు సందెవేళ సీతాలు బండి కిందకి వేలు చూపించి, "అమ్మా, పిల్లి కూచుంది," అంది. మంగతాయి వంగి చూసింది. నల్లపిల్లి. ఆవిడ నేల మీద కూలబడి ఏడ్చింది. అయితే కుందనకి మాత్రం ఇంకా ఏమీ కనపడటం లేదు.

పున్నమి వచ్చింది. పొద్దు గూకుతుండగా సందు మొదట్లో భటులు కాగడాలు ముట్టించకుండా పట్టుకుని నిలబడ్డారు. పడవని నీళ్ళ దాకా లాగారు. మాషిన్, జమీలా పిల్లల్ని కొంగుల్లో పొదువుకున్నారు. రాజు ఆ చివర నిలబడ్డాడు. కూతురు ఈ చివర. మధ్యలో దీపం లేదు. తన కూతురికి కనపడితేనే నమ్ముతానన్నాడు రాజు, కుందనని తన దగ్గరికి నడవమన్నాడు. కుందన ఒక అడుగు వేసింది. రెండడుగులు. చేతులు చాచి తడుముకుంది. మూడో అడుగు దగ్గర ఆగిపోయింది. భైరవయ్య చెయ్యెత్తాడు. మంగతాయి సీతాల్ని గుండెకి హత్తుకుని కళ్ళు మూసుకుంది.

అప్పుడు కుందన అంది కదా, "నాన్నగారూ, ఎందుకు ఏడుస్తున్నారు?"

రాజు చెంప తడుముకున్నాడు. తడిగా ఉంది. అంత దూరం నుంచి, ఆ మసకలో, కూతురు ఆయన కన్నీళ్ళు చూసింది. కంపరాజు పరిగెత్తుకొచ్చి పిల్లని ఎత్తుకున్నాడు. భటులు కాగడాలు కింద పడేశారు.

రాజు సందులో అందరి ముందూ చేతులు జోడించి, భయంలో పాపం చెయ్యబోయానన్నాడు. భైరవయ్య తలొంచుకుని, సందెవేళ మెట్లు తనకీ కనపడటం లేదని, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక దయ్యం మీదికి నెట్టానని ఒప్పుకున్నాడు. తనూ రోజంతా కాజాలే తినేవాడుట. జమీలా ఆయన్ని కూడా పళ్ళెం దగ్గర కూచోబెట్టింది. ఆ రోజు నుంచి రాచవంటశాలలో పిల్లలకి వారానికొక దేశం వంట నేర్పారు. కాజాలు మానేశారా? మానలేదు, పండగకి పండగకి తిన్నారు. ఊళ్ళో పిల్లలందరూ సందెవేళ మళ్ళీ వీధిలోకొచ్చి ఆడుకున్నారు.

అంచేత, రేపు పళ్ళెంలో ఆకుకూర పక్కకి నెట్టకండి. మీరే కొయ్యండి, మీరే కడగండి, నేను పొయ్యి దగ్గర ఉంటాను. తెలియని మనుషుల్ని చూసి భయపడేముందు వాళ్ళ పక్కన కూచుని ఒక ముద్ద తిని చూడండి.

కథేమో కాలినడకన కంచికెళ్ళింది, మనమేమో కళ్ళు మూసుకుని నిద్దరకెళ్దాం.