ఏడుగట్ల బీడులో బొరియమ్మ వెలసిన కథ

ఏడుగట్ల బీడులోని బొరియమ్మ తల్లికి గోపురం లేదు, విగ్రహం లేదు. మోకాలెత్తు గడ్డిలో ఒక నక్క బొరియ, దాని పక్కన పసుపు పూసిన రాయి. ఇంతే క్షేత్రం. భక్తులు బొరియలోకి తొంగిచూడరాదు, కర్రతో కెలకరాదు. అమ్మవారు ఏరీ అని పూజారిని విసిగించరాదు.

పూర్వం ఇక్కడ మాళక్క అనే గొర్రెల కాపరి దొడ్డి కట్టుకుని ఒంటరిగా ఉండేది. మగడు పోయాడు, పిల్లలు లేరు. ఉన్న కాసిని గొర్రెలే ఆమె సంసారం. ఒక ఏడు వానలు దండిగా కురిసి గడ్డి గింజ పట్టింది. గింజ తిని ఎలుకలు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. వాటి కోసం గద్దలు, గుడ్లగూబలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి దిగాయి. ఈతకు మూడు పిల్లలు పెట్టే నక్క ఆరు పెట్టింది. మరుసటి ఏడు వాన ముఖం చాటేసింది, ఎలుకలు నశించాయి. రెక్కలున్నవి ఎగిరిపోయాయి. నక్కలు మాత్రం ఆకలితో మిగిలి గొర్రెపిల్లల మీద పడ్డాయి.

ఊరిపెద్ద గిడ్డప్ప బొరియలన్నిటికీ పొగ పెట్టించి, నోళ్లు పూడ్పించాడు. మాళక్క దొడ్డి పక్కనున్నది ఒక్కటే మిగిలింది. ఆ మధ్యాహ్నం కునుకులో ఎర్రచీర కట్టిన మనిషి ఒకామె కనిపించి, “నా వాకిలి మూయనీయకే” అని చెప్పి పోయింది. మాళక్క లేచి బొరియకు అడ్డంగా కూర్చుంది. దాన్నీ పూడ్పించడానికి గిడ్డప్ప వచ్చాడు.

“తప్పుకో మాళక్కా. నీ గొర్రెపిల్లల్ని మాత్రం ఎత్తుకుపోలేదా ఆ నక్క?”

“రెండింటిని ఎత్తుకుపోయింది గిడ్డన్నా. పోయినేడు నీ కొర్రచేను ఎలుకల పాలు కాకుండా కాసినందుకు కూలి అనుకో. నువ్వైతే ఇచ్చేవాడివి కాదుగా.”

“కలలో మాట పట్టుకుని ఊరితో తగవా?”

“మెలకువగా ఉండి ఊరు చెప్పే మాటల కంటే అదే నయం.”

ఆమెతో ఎవరూ మాట్లాడకూడదని గిడ్డప్ప కట్టడి చేశాడు. నక్క మరో మూడు గొర్రెపిల్లల్ని తిని, తిండి చాలక తన పిల్లలతో ఎటో వెళ్లిపోయింది. ఊరూ లేదు, నక్కా లేదు. తన గొంతు తనకు వినిపించాలని మాళక్క మిగిలిన గొర్రెలను పేరుపేరునా తిట్టేది.

మూడో ఏట వానలు తిరిగి వచ్చాయి, ఎలుకలూ వచ్చాయి. నక్కలు లేని వైపు అడిగే దిక్కు లేక, ఎలుకలు కొర్రను ఊడ్చి, గడ్డిని వేళ్లతో సహా కొరికేశాయి. మాళక్క వైపు మాత్రం ఆడనక్క పాత బొరియకే వచ్చి పిల్లలు పెట్టింది. అక్కడ గడ్డి నిలిచింది.

గిడ్డప్ప ఊరి మందలను తోలుకొచ్చి నిలబడ్డాడు. “గొర్రెలు చచ్చిపోతున్నాయి తల్లీ.”

“మేపుకోండి. నన్ను వెలివేసింది గొర్రెలు కాదుగా.”

“నువ్వూ ఊళ్లోకి వచ్చేయ్.”

“రాను. ఇటు వచ్చినప్పుడు పలకరించి పోండి, చాలు.”

ఆమె అక్కడే కన్నుమూసింది. ఆమె కూర్చున్న చోటే ఊరివారు రాయి నిలిపారు.

నేటికీ ఈ బీడులో బొరియ పూడ్చరు, గొర్రెపిల్లను నక్క ఎత్తుకుపోతే శాపనార్థాలు పెట్టరు. ఒంటరిగా వచ్చిన మనిషి కనిపిస్తే పేరడిగి, రెండు మాటలు మాట్లాడాకే దర్శనం. అది చేయకుండా ఎన్ని టెంకాయలు కొట్టినా పగిలేది టెంకాయలే. చేసినవారి మందకు మేత తరగదని పెద్దల మాట. పలకరించేవారు ఎవరూ లేని రోజున వచ్చినవారు రాయి పక్కన కూర్చుని తమ పేరు తామే చెప్పుకుంటారు. అలా వచ్చేవారే ఎక్కువ.