దొరగారి ఏనుగు తుపాకీ

తనంత వినయవంతుడు ఆ సంస్థానంలోనే లేడని ఓబులేసు అడగనివాళ్లకి కూడా చెప్పేవాడు. కుందేళ్లు వేరుశనగ చేను కొరికేస్తుంటే, దొరగారి దగ్గరికెళ్లి చిన్న తుపాకీ ఒకటి అరువడిగాడు.

"చిన్నదా? నా పరువేం కాను! ఏనుగుల్ని కొట్టే తుపాకీ పట్టుకుపోరా," అన్నాడు దొర మీసం దువ్వుతూ.

దాంతో కొడితే కుందేలుతోపాటు చేనూ మిగలదు. ఓబులేసు చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం దొరా. కాకపోతే ఆ గుండు కుందేలు దగ్గర ఆగదు కదా, చేనుకి అవతల తమరి మేడే ఉంది. నేను పేల్చేటప్పుడు మాత్రం తమరు వసారాలో కూర్చోకండి."

దొర మీసం వదిలేశాడు.

"చిన్నదే తీసుకో! దానిమీద నా దుర్బిణి కూడా బిగించుకో. బాగా చూసి మరీ కాల్చు!"

తుపాకీ పేలిన చప్పుడుకే కుందేళ్లు పరారై పంట దక్కింది. ఒక కన్ను మూసి గురిచూడటం మాత్రం ఓబులేసుకి ఇప్పటికీ రాలేదు. రెండూ మూసుకుపోతాయి.