చందమామ పీట ఎక్కిన రాజు

చీనా దేశాన ఒకానొక రాజ్యంలో కోతలు అయిపోయాయి. గాదెలు నిండాయి. ఇక శరత్ పున్నమి పండగే తరువాయి.

ఆ పండగ సంగతి కాస్త చెప్పాలి. పూర్వం ఒక విలుకాడి భార్య అమృతం తాగి, తేలిపోయి చంద్రలోకం చేరిందట. పాపం, అక్కడ ఆమెకు తోడు ఒక కుందేలే. భర్త ఏం చేయగలడు? ఆమెకిష్టమైన పళ్లూ తీపి రొట్టెలూ వెన్నెల కింద పెట్టి, ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నాడట. అప్పటినుంచీ అదే ఆచారం. పంట చేతికొచ్చాక, తామరగింజల ముద్ద కూరిన గుండ్రటి రొట్టెను చందమామకు చూపిస్తారు. తరవాత ఇంట్లో ఎందరుంటే అన్ని ముక్కలు కోస్తారు. ఊళ్లో లేనివాడికీ ఒక ముక్క తీసి ఉంచుతారు.

ఆ ఏడు గావ్ రాజుకు గర్వం తలకెక్కింది.

"పంట పండించింది నా ఏలుబడి. చందమామకెందుకయ్యా పూజ? ఈసారి నాకే చెయ్యండి! కొలువులో ఒక్కడూ ఇంటికి పోకూడదు" అన్నాడు.

అందరి ముఖాలూ వాడిపోయాయి. విదూషకుడు షెన్ అయితే కొండకేసి చూశాడు. కొండవతల ఊళ్లో అతని తల్లి ఒక్కతే ఉంది. ఏటా ఈ పండగకే ఆమె కొడుకు మొహం చూసేది.

ఎదురు చెబితే తల పోతుంది. షెన్ లేచి నమస్కరించాడు.

"చిత్తం ప్రభూ! ఏర్పాట్లు నాకు వదిలేయండి. ఆచారంలో వీసమెత్తు లోపం రానివ్వను."

పున్నమి సాయంత్రం మేడమీద ఎత్తయిన పీట వేయించి, రాజును కూర్చోబెట్టి, ఒళ్లో ఒక కుందేలును పెట్టాడు.

"ఇదెందుకోయ్?"

"చందమామకు తోడు అదే కదా ప్రభూ!"

కింద తోటలో రాణీ పిల్లలూ పంపరపనసలూ రొట్టెలూ రాజుకు చూపించారు. పూజకు ముందు ఎంగిలిపడకూడదని షెన్ చెప్పడంతో రాజు పొద్దుటినుంచీ పస్తు. వేడి రొట్టె వాసన తగిలేసరికి చెయ్యి చాచాడు.

"అయ్యయ్యో! చందమామ ఎప్పుడైనా తిన్నాడా ప్రభూ? చూడ్డమే ఆయన వంతు."

"పోనీ, దిగుతాను."

"చందమామ దిగివస్తే లోకం ఏమైపోతుంది?"

రాజు పళ్లు నూరాడు. కుందేలు తాపీగా ఆయన పట్టు అంగీ అంచు కొరుకుతోంది.

కింద రాణి రొట్టె కోసి తలా ఒకటి పంచింది. ఒక ముక్క మిగిలింది. తమ్ముడు దానిమీద చెయ్యి వేయబోతే చిన్న రాకుమారి గభాలున పళ్లెం లాక్కుంది.

"ముట్టుకోకు! అది నాన్నగారిది. ఆయన పండక్కి రాలేదు కదా, దాచాలి."

ఆ మాట మేడమీదికి వినిపించింది. రాజు కిందికి తొంగిచూశాడు. షెన్ రాజు ముఖంకేసి చూశాడు. నవ్వుతాడో, తల తీయిస్తాడో!

"షెన్, ఇవాళ నా రాజ్యంలో ఇలా ఎన్ని ముక్కలు దాచుంటారంటావు?"

"తమరు ఆపినవాళ్లందరివీ ప్రభూ. మా అమ్మ దాచినదీ ఉంటుంది."

రాజు ఫక్కున నవ్వి, కుందేలును షెన్ చేతిలో పెట్టాడు.

"పట్టుకో! ఈ చందమామ ఉద్యోగం నాకొద్దయ్యా, ఆకలితో చచ్చాను!"

గబగబా మెట్లు దిగి కూతురి పక్కన చతికిలబడ్డాడు. కోట తలుపులు తెరిపించి అందరినీ ఇళ్లకు పంపాడు. షెన్‌కు తన సొంత గుర్రాన్నే బహుమానంగా ఇచ్చాడు.

చందమామ కొండ దాటకముందే షెన్ ఇల్లు చేరాడు. తల్లి దాచిన ముక్క పళ్లెంలో మిగల్లేదు.