ఏడు గుట్టల నక్కలు, సుక్కవ్వ చెలిమె

అడివి అంచున ఓ వాగుండె. వానలు ఎల్లిపోతే నీళ్లు పోయి ఉత్త ఇసుకే మిగిలేది. ఆ ఇసుకను గిట్టలతోని తవ్వి, ఓ బర్రె చెలిమె జేసుకున్నది. నొసట తెల్లసుక్క ఉంటదని దాన్ని అందరు సుక్కవ్వ అనేటోళ్లు. ఆ చెలిమెల ఊరే నీళ్లే దానికి, దాని సిన్న దూడకు పానం.

ఓనాడు పొద్దుగాల పోయి సూస్తే చెలిమెల అడివిపంది బొర్లుతున్నది.

"లేవయ్యా, ఇది నాది" అన్నది సుక్కవ్వ.

"నీదా? వాగుకు నీ పేరు పెట్టిన్రా ఏంది?" అన్నది పంది బురద దులుపుకుంట. "నడువ్ పంచాయితీకి. ఎలుగు తాత ఏది జెప్తే అది."

పంచాయితీ అంటే నక్కలు గావాలె. ఆ అడివిల నోరున్నది వాటికే. ఒకప్పుడు బుడ్డనక్క ఒక్కటే బండ కింద కూసోని, కుందేలు బొరియ కోసం, ఉడుత తొర్ర కోసం కొట్లాడేది. గెలిసినకొద్దీ పేరొచ్చింది. బామ్మర్దులను పిలిసింది, అల్లుండ్లను దెచ్చింది, అవుతలి గుట్ట గుంటనక్కలను గూడ తనల గలుపుకున్నది. సూస్తుండంగనే ఏడు గుట్టల మీద ఏడు బొరియలైనయ్. ఇప్పుడు బుడ్డనక్క బుడ్డది గాదు, పొట్ట నేలకు రాస్తది. సుక్కవ్వ దాని కాడికే పోయింది.

"ఒక్క గొంతు లేస్తే ఏడు గుట్టలు లేస్తయ్ అవ్వా. ఇసొంటి బలగం ఇంకెవలకున్నది?" అన్నది. "గని నా దగ్గర ఏం దాయొద్దు. నీ దిక్కు లోపముంటే ముందే జెప్పు."

సుక్కవ్వ నెమరేసుడు ఆపింది.

"అడివి కట్టు నీకెర్కే గద బిడ్డా. పున్నం కాడికెంచి పున్నం దాక ఇడిసిపెడితే చెలిమె ఎవలదీ గాదు. పోయిన సలికాలం నా పెద్ద దూడ సచ్చిపోయింది. పొద సాటుకు దాని బొక్కల కాడ్నే పన్న. ఆకుల మీది మంచు నాకిన. పున్నం పోయి పున్నమొచ్చినా లేవలే."

"ఎవలన్న సూసిన్రా?"

"సూడలే. నీకొక్కదానికే జెప్పిన."

"అయితే ఆ మాట బండ కింద పడ్డట్టే, బైటికి రాదు. నిమ్మలంగ పో."

పొద్దుగూకింది. బుడ్డనక్క బండెక్కి కూసింది. ఏడు గుట్టలు తిరిగి కూసినయ్.

"ఇను బిడ్డా, మన నక్క ఎంత గట్టిగ కూస్తున్నదో" అన్నది సుక్కవ్వ దూడతోని.

తెల్లారి పుట్ట కాడ పంచాయితీ. పంది ఎనుక ఇంకో నక్క వొచ్చింది.

"గిది గూడ మీదేనా?" అన్నది సుక్కవ్వ.

"నా బామ్మర్ది. గుట్ట వేరు, బొరియ వేరు, నువ్వు రంది పెట్టుకోకు" అన్నది బుడ్డనక్క.

"నక్క తోక తొక్కొచ్చినోన్ని, నాకే రంది లేదు!" అని పంది నవ్వింది.

బుడ్డనక్క బాగనే కొట్లాడింది. ఎలుగు తాత తలకాయ ఊపిండు గూడ. అప్పుడు బామ్మర్ది నక్క లేసింది.

"నాదొక్కటే మాట. అవ్వా, నీ పెద్ద దూడ సచ్చినప్పుడు నువ్వు యాడున్నవ్?"

సుక్కవ్వ బుడ్డనక్క దిక్కు సూసింది. అది తోక నాక్కుంటున్నది. చెలిమె కాడ్నే ఉన్ననంటే అయిపోతుండె. గని ఆ మాటంటే సచ్చిన బిడ్డను ఒంటిగ ఇడిసినట్టయితది.

"నా బిడ్డ కాడ ఉన్న" అన్నది.

ఎలుగు తాత మొకం కిందికేసిండు. "కట్టు కట్టే గదవ్వా. చెలిమె పందికే."

"నా కడుపుల మాట వానికెందుకు జెప్పినవ్?" అని బుడ్డనక్కను అడిగింది సుక్కవ్వ.

"వానికి జెప్పలేదవ్వా. పొద్దుగూకంగ మా గుట్టలకు కూసిన, రోజు కూసినట్టే. ఒకని మాట ఒకనికి అందకపోతే మా ఇల్లు ఇల్లెట్లయితది?"

"కంచే చేను మేస్తే..." అన్నది సుక్కవ్వ.

పందికీ దక్కలే. గెలిపిచ్చినందుకు నీళ్లల్ల వాటా గావాలని ఏడు గుట్టల నక్కలు దిగినయ్. పంది వొచ్చేసరికి చెలిమెల తడి ఇసుకే ఉన్నది.

సుక్కవ్వ దూడను దీస్కోని ఎండిన వాగెంట నడిసింది. ఎనుక నక్కలు కూసినయ్.

"అమ్మా, మన నక్కనేనా?" అన్నది దూడ నాలిక సాపి.

సుక్కవ్వ ఆగలే. ఇసుకల గిట్ట ఆనిచ్చి, తడి ఉన్నదేమో సూసుకుంట పోయింది.

రెండు దిక్కుల నిలబడి కొట్లాడేది ఒక్కటే ఇల్లైతే, గెలిసేది ఆ ఇల్లే.