విప్పని కట్ట

చక్రపాణి గారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. లాయర్ల మీద వచ్చే ఫిర్యాదులు విచారించే సంఘానికి ఆయన పెద్ద. శిష్యురాలు ఇందుమతి అక్కడ ఆయన తీర్పులు రాసిపెట్టేది. ఒక ఉదయం ఆమె అడిగింది: “మనసు బాగాలేదని డాక్టరు కాగితం తెస్తే శిక్ష తగ్గించాలా సార్? ఇల్లు పోయినావిడకి ఏం చెబుతాం?”

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, ఫిర్యాదు చేసినావిడనూ ఆ లాయరునూ రానిమ్మన్నారు.

ఫిర్యాదు చేసిన మస్తానమ్మ టిఫిన్ బండి నడిపే మనిషి. ఇల్లు ఖాళీ చేయాలన్న తీర్పు మీద అప్పీలు వేయమని గిరిధర్ అనే కుర్ర లాయరుకి కాగితాలిచ్చింది. అతను వేయలేదు. అడిగినప్పుడల్లా వాయిదా పడిందన్నాడు. కోర్టు అమీనా వచ్చి సామాను వీధిలో పెట్టించేదాకా ఆమెకు నిజం తెలియదు. లాయరుగా పనిచేసే హక్కునిచ్చే అతని సన్నదు రద్దు చేయాల్సిందేనని ఇందుమతి మనసులో అప్పుడే రాసేసుకుంది.

గిరిధర్ వచ్చాడు. కోటు ఇస్త్రీ నలగలేదు. చంకలో మస్తానమ్మ ఇచ్చిన కేసు కాగితాల కట్ట, ఎర్ర నాడాకు ఆమె వేసిన ముడి వేసినట్టే ఉంది. విప్పమన్నారు గురువుగారు. లాయరు కట్టను లాయరే విప్పాలి, ఇంకొకరు ముట్టుకోరు. అది అక్కడి మర్యాద. గిరిధర్ ముడి మీద వేలు పెట్టాడు. అంతే. వేలు కదల్లేదు. చెమట కారి మెడలోని తెల్లని బ్యాండు తడిసింది.

“నాటకాల పోటీకి పంపాలి ఇతన్ని” అన్నాడు సంఘంలో ఒకాయన.

ఇందుమతికి నవ్వు రాబోయింది. ఇంట్లో తనకూ అదే ఈడు కొడుకున్నాడు. నవ్వు ఆపేసుకుంది. ఈ ముడి ముందు ఈ పిల్లవాడు రోజూ ఇలాగే కూర్చున్నాడా?

మస్తానమ్మ లేచింది. గుమస్తా అడ్డం వచ్చినా ఆగకుండా, అతని వేలు పక్కకి జరిపి ముడి విప్పేసింది.

“అబద్ధమాడట్లేదు సార్ ఈ అబ్బాయి. ముందు మందిప్పించండి. అట్టని నా ఇల్లు పోలేదా? బాగయ్యేదాకా ఇంకొకరి కట్ట మాత్రం ఈయన చేతికి పోనివ్వొద్దు.”

గిరిధర్ తలొంచుకుని, తప్పు తనదేనన్నాడు. డాక్టరు కాగితం మాటే ఎత్తలేదు.

అందరూ వెళ్లాక ఇందుమతి కలం పట్టుకుని కూర్చుంది. ఒక్క ముక్కా సాగలేదు. చివరికి, సన్నదు ఉంచమని రాయాలా తీసేయమని రాయాలా అని అడిగింది.

గురువుగారు మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఆవిడ అతని వేలు పక్కకి జరిపిందమ్మా, చూశావుగా. విరవలేదు.”