సింగారి బొరియకి వెనక దారి

కొండ కింద వేరుశనగ చేలు. ఆ చేల గట్టులో సింగారి అనే కుందేలు బొరియ. కుందేలు ఇల్లంటే రెండు దారులుండాలి, ముందు నుంచి ముప్పు వస్తే వెనక నుంచి పారిపోవడానికి. వాళ్లమ్మ నేర్పిన మొదటి పాఠం అదే. సింగారికి పాఠం గుర్తుంది గానీ, వెనక దారి మొహం చూసి చాలా కాలమైంది. అక్కడ చీరలు కుక్కింది మరి.

నక్క గుర్నాథం గట్టు మీద బట్టల మూట దించి ముడి విప్పాడంటే సింగారి కాళ్లు ఆగవు. "ఈ రంగు నీకోసమే పుట్టింది మరదలా" అంటాడు. అంతే, దాచుకున్న కాయలు అతని సంచిలోకి, చీర ఈవిడ బొరియలోకి. నాలుగు రోజులకి మోజు తీరిపోతుంది. సగం చీరలకి మడతైనా విప్పలేదు. వానాకాలానికి తినడానికి ఏమీ మిగలదని తెలిసొచ్చాక సింగారికి భయం పట్టుకుంది.

ఇక కొననని పొరుగింటి ముళ్లపంది కనకత్తతో చెప్పింది. ఏం చుట్టుకున్నా చిరిగిపోతుంది కాబట్టి కనకత్తకి బట్టల గొడవే లేదు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదే" అంది కనకత్త.

"పుడకల దాకా ఎందుకత్తా, ఈ వారమే పోతుంది చూడు."

అంది గానీ, మర్నాడే గళ్ల చీర కొనేసింది. కొన్నాక తన మీద తనకే అసహ్యం వేసి ఏడ్చింది. ఏడ్చి ఊరుకోలేదు, ఒక కట్టుబాటు పెట్టుకుంది. కొత్తది లోపలికి రావాలంటే ముందు పాతదొకటి బయటికి పోవాలి.

ఈసారి గుర్నాథం జరీ పరికిణీ చూపించగానే, పాతదొకటి తీసి వస్తానని లోపలికి దూరింది. నక్క మొహం మాడిపోయింది.

"పాతవి తియ్యడం దేనికి మరదలా? వెనకాల ఇంకా చోటుందిగా" అని కేకేశాడు.

సింగారి చెవులు నిక్కాయి. వెనకాల చోటు సంగతి ఇతనికెలా తెలుసు? చుట్టూ తిరిగి చూస్తున్నాడన్నమాట. అసలు నక్కలు వేరుశనగ తినగా ఎవరు చూశారు? చీరల కుప్ప మీదుగా తొంగి చూస్తే ఒకప్పుడు వెలుతురు వచ్చే చోట చీకటి. ఇతనికి కావలసింది కాయలు కాదు, పారిపోయే దారి లేని తనేనని అర్థమైంది.

అయినా పైకి తేలనివ్వలేదు. "చోటెక్కడిది బావా, వెనక దారి నిండిపోయింది, ఎలుక కూడా దూరదు. పరికిణీ రేపు తీసుకురా, ముందు గదిలో పెట్టుకుంటా" అంది. నక్క మీసాలు దువ్వుకుంటూ వెళ్లాడు.

అతను వెళ్లగానే కనకత్తని పిలిచి జరిగింది చెప్పింది. ఇద్దరూ వెనక దారిలోని బట్టలన్నీ లాగి ముందు దారిలో కుక్కారు. ఉంచుకో ఉంచుకో అని ప్రతి చీరా బతిమాలినట్టే అనిపించింది సింగారికి. దేని మాటా వినలేదు.

మర్నాడు గుర్నాథం మూట బయట పడేసి, మరదలా అని కూడా అనకుండా, ఒక్క దూకున బొరియలో దూరాడు. చీరలు మెడకీ కాళ్లకీ చుట్టుకున్నాయి. ముందుకీ పోలేడు, వెనక్కీ రాలేడు. సింగారి వెనక దారిన బయటపడి, చుట్టూ తిరిగి అతని తోక దగ్గరికి వచ్చింది.

"కొలత సరిపోలేదా బావా?"

దూరంగా చేను కాపలా కుక్కల అరుపులు మొదలయ్యాయి. నక్క గొంతు మెత్తబడింది. "మరదలా, నా మూటలో నెమలికంఠం రంగు పట్టుచీర ఉంది. నన్ను లాగెయ్, అది నీకు ఊరికే ఇస్తా."

మూట ముడి వదులైంది. ఆ రంగు కనిపిస్తోంది. నిజంగానే బాగుంది, ఇంతవరకు కొన్నవాటన్నిటికన్నా బాగుంది. సింగారి ముందరి కాలు దానంతటదే లేచింది. ఎవరూ చెప్పకుండానే, లేచిన కాలు సింగారే దించుకుంది.

"చాలా బాగుంది బావా. నాకొద్దు" అని, కొత్త బొరియ తవ్వుకోవడానికి అవతలి గట్టుకి నడిచింది. ఈసారి ముందు వెనక దారే తవ్వింది.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటారు. పాపం, గుర్నాథానికి ఒక్క కాలైనా చిక్కలేదు.

నీతి: అక్కర్లేనివి లోపలికి తెచ్చుకుంటూ పోతే, అక్కరకొచ్చే దారి మూసుకుపోతుంది.